డ్రమ్ములు బస్సెక్కిన రోజు

తన కథను సినిమాగా తీస్తున్నారన్న సంగతి త్రిపురసుందరికి మొదట చెప్పింది కోర్టు బంట్రోతు.

"మేడమ్, మీరు ఇదివరకు బ్యాండు మేళంలో ఉండేవారంట గదండీ. మా బావమరిది చెప్పాడు. మంగినపూడి బీచిలో మీ సినిమాకి పాకలేస్తన్నారంట."

బందరు కోర్టులో ఆమె సీనియర్ అసిస్టెంటు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని పెరుగన్నం కలుపుకుంటోంది. పక్క సీట్లవాళ్లు తినడం ఆపి ఆమె వంక కొత్తగా చూశారు. వాళ్లకు తెలిసిన త్రిపురసుందరి తల వంచుకుని ఫైళ్లు చూసుకునే మనిషి.

"బ్యాండు మేళం కాదు, రాక్ బ్యాండు" అంది సుందరి.

"అంటే ఏంటండీ?"

పదేళ్ల కిందట గుడివాడలో, పామర్రులో, అవనిగడ్డలో ఎక్కడికి వెళ్లినా అడిగిన ప్రశ్న అది. అప్పుడూ ఆమెకు సరైన జవాబు దొరికేది కాదు. "మా పాటలు మేమే కట్టుకుని, కాస్త గట్టిగా వాయించేవాళ్లం" అని చెప్పి అన్నంలోకి తల దించుకుంది.

ఆ ఆదివారమే సినిమా డైరెక్టరు ఇంటికొచ్చింది. డైరెక్టరంటే ఏ నడివయసు మనిషో వస్తాడనుకుంది సుందరి. తీరా వచ్చింది ముప్పై కూడా నిండని అమ్మాయి. పేరు శ్రీవిద్య. హైదరాబాదు నుంచి వచ్చింది, ఇదే మొదటి సినిమా. కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టించుకోలేదు. గోడ మీద వీణ చూసింది, బీరువా మీద గుడ్డ కప్పి ఉన్న కీబోర్డు చూసింది, వంటింటి గుమ్మంలో నిలబడి తొంగిచూస్తున్న సుందరి భర్తను చూసి నమస్కారం పెట్టింది.

"కథంతా మాధవీలతగారు చెప్పారండీ. ముగ్గురమ్మాయిలు, బందరు, రాక్ బ్యాండు. నాకు విన్నప్పటి నుంచి నిద్రపట్టలేదు. మీ దగ్గరకి ఒక్కటి అడగడానికి వచ్చాను. బ్యాండు ఎందుకు ఆగిపోయింది?"

"మాధవి చెప్పలేదా?"

"చెప్పారు. మీరెలా చెబుతారో విందామని."

కోర్టులో ఏ ఫైలు చేతికొచ్చినా ముందు చివరి కాగితం తిరగేసి, తీర్పు ఏమైందో చూసుకోవడం సుందరికి అలవాటు. తన సొంత కథలో ఆ చివరి కాగితం తను ఎప్పుడూ తిరగేసి చూడలేదని ఆ క్షణంలో తట్టింది.

అసలు ఆ ముగ్గురూ ఒకచోట చేరడమే విచిత్రంగా జరిగింది. మాధవీలతది గుడివాడ. బందరులో కాలేజీ చదువు, హాస్టల్లో మకాం. కోనేరు సెంటర్లో రేడియోలు బాగుచేసే యేసుదాసు ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవాడు. ఆయన దగ్గర గిటారు నేర్చుకోవడానికి మాధవి వచ్చేది. సుందరి తండ్రి కామేశ్వరరావు హైస్కూలు మాస్టారు. కూతురికి వీణ నేర్పించాడు. సుందరి పాడైపోయిన శ్రుతిపెట్టె బాగుచేయించుకోవడానికి ఆ కొట్టుకు వెళ్లి, అక్కడున్న పాత కీబోర్డు మీద వేళ్లు పెట్టి, మర్నాడు కూడా వెళ్లింది. ఇక దుర్గ గిలకలదిండి పడవల రేవు పిల్ల. పడవ మీద వాతావరణం వినే ట్రాన్సిస్టరు చెడిపోతే తండ్రి సూరయ్య ఇచ్చి పంపాడు. అది బాగయ్యేదాకా బల్ల మీద వేళ్లతో దరువేస్తూ కూర్చుంది. యేసుదాసు చేతిలో పని ఆపి, లోపలి గదిలో దుమ్ము కొట్టుకుపోతున్న డ్రమ్ముల ముందు ఆ పిల్లను కూర్చోబెట్టాడు.

ఆయన దగ్గర ఇంగ్లీషు క్యాసెట్లు ఉండేవి, ఓడ మీద వంటచేసే తమ్ముడు పంపినవి. వాటిలో మాటలు ముగ్గురికీ అర్థమయ్యేవి కావు. ఆ కోపం మాత్రం అర్థమయ్యేది. మాధవి తెలుగులో పాటలు రాయడం మొదలుపెట్టింది. గంపలో చేపలు పెట్టుకుని పామర్రులో బస్సు కోసం చూసే ఆడమనిషి మీద ఒక పాట: "ఐసు కరిగిపోతోందీ, బస్సు రాలేదింకా." ఆ పాటకు దుర్గ వేసిన దరువు ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు పగలగొట్టే దెబ్బ. బ్యాండుకు పేరు పెట్టింది కూడా దుర్గే. 'పోటు' అంది. "సముద్రం పోటు మీదుంటే పడవకి తెడ్డెయ్యక్కర్లేదు, దానంతటదే వచ్చేస్తది" అని చెప్పింది.

తరవాత యేసుదాసు కాకినాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. రొయ్యపిల్లకు మంచి ధర పలికిన ఏడాది సూరయ్య ఆ డ్రమ్ములు కూతురికి కొనిపెట్టాడు. అప్పటి నుంచి వాయించుకోవడం గిలకలదిండిలో సూరయ్య వలల పాకలోనే. ఓ మూడేళ్లు నడిచింది.

"గుడివాడలో ఆఖరి ప్రోగ్రాం" అంది సుందరి శ్రీవిద్యతో. "రొయ్యల చెరువుల వాళ్లు ఏదో పండగ చేసుకుంటూ పిలిచారు. మేము రెండు పాటలు వాయించేసరికి సినిమా పాటలు వాయించమని గోల చేశారు. దిగిపోయాం. మా తరవాత కాకినాడ ఆర్కెస్ట్రా ఎక్కింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దుర్గ ఒక్క ముక్క మాట్లాడలేదు. పై వారం మేమిద్దరం గిలకలదిండి వెళ్తే పాకలో డ్రమ్ములు లేవు. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ 'పంపించేశామమ్మా' అంది. పెళ్లిచేసి పంపించేశారన్నమాట."

"డ్రమ్ములు?"

"పాక వెనకాల ఏదో కాల్చిన బూడిద ఉంది. మాధవి చూపించింది."

"కులపెద్దలు కాల్పించారు. మాధవిగారు అదే చెప్పారు" అంది శ్రీవిద్య.

"పెద్దల సంగతి నాకు తెలియదు. బూడిద చూశాను."

శ్రీవిద్య చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. "మీరు తరవాత వెళ్లి కనుక్కోలేదా?"

"లేదు" అంది సుందరి. అప్పట్లో అలా అడగడం ఆ పిల్లకు ఇంకా కష్టం తెచ్చిపెడుతుందేమో అనుకున్నారు. తరవాత మాధవి హైదరాబాదు వెళ్లింది, సుందరికి ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. దుర్గ గుర్తొచ్చినప్పుడల్లా "పాపం" అనుకునేది. అనుకుని ఊరుకునేది.

*

షూటింగు చూడటానికి సుందరి సెలవు పెట్టింది. మంగినపూడిలో సరుగుడు తోట ఇవతల తాటాకు పాకలు వేశారు. గొడుగుల కింద ముగ్గురమ్మాయిలు కూర్చున్నారు. అందులో కళ్లజోడు పెట్టుకున్న పిల్ల తనేనని ఎవరో చెప్పారు. ఆ పిల్ల లేచి వచ్చి, "మేడమ్, మీరు వాయించేటప్పుడు ఎటు చూసేవారు?" అని అడిగింది. సుందరి ఆలోచించి, "కీబోర్డు వంకే" అంది. ఆ పిల్ల తలూపి వెళ్లి, ఒళ్లో కీబోర్డు లేకపోయినా కిందికి చూస్తూ వేళ్లు ఆడించుకుంది. మనల్ని ఇంకొకరు ఆడించి చూపిస్తే ఎంత వింతగా ఉంటుందో సుందరి ముందెప్పుడూ ఊహించలేదు.

ఆవేళ తీస్తున్నది మంటల సీను. చుట్టూ గిలకలదిండి నుంచి తెచ్చిన జాలరులు నిలబడ్డారు. మధ్యలో ఎండుకొమ్మలు పేర్చి, అట్టతో చేసిన డ్రమ్ములు పెట్టారు. తెల్లమీసాలాయన ఒకడు కాగడా పట్టుకుని ముందుకు రావాలి, డ్రమ్ముకు నిప్పంటించాలి. దుర్గ వేషం వేసిన పిల్ల ఇసకలో పడి ఏడవాలి. పిల్ల బాగానే ఏడుస్తోంది. తెల్లమీసాలాయనకే కోపం రావడం లేదు. కాగడా పట్టుకుని వస్తూ వస్తూ నవ్వేస్తున్నాడు. శ్రీవిద్య ఓపికగా మళ్లీ మళ్లీ తీసింది. చివరికి ఎండ కళ్లలో పడి ఆయన మొహం చిట్లిస్తే అదే కోపమని సరిపెట్టుకుని, "ఓకే" అంది. అట్ట డ్రమ్ములు భగ్గున లేచాయి. జనం చప్పట్లు కొట్టారు.

సుందరికి కళ్లు చెమర్చాయి. కొంగుతో అద్దుకుని, మజ్జిగ తాగుతున్న ఆ తెల్లమీసాలాయన దగ్గరికి వెళ్లింది. పేరు పున్నారావు. ఎక్కడో చూసిన మొహంలా ఉంది.

"ఎందుకండీ నవ్వు వస్తోంది మీకు?" అని అడిగింది.

"నవ్వు కాక ఏమొస్తదమ్మా. ఇది మా సూరయ్యన్న కూతురి కథ అంటన్నారు. దాని డ్రమ్ములు నేను తగలబెడతన్నానంట. నేనూ సూరయ్యన్నా ఆ డ్రమ్ములు నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా మోశాం. అప్పటి మెడనొప్పి ఇప్పటికీ చలికాలం వస్తే పలకరిస్తది."

"ఏ బస్టాండు?"

"బందరు బస్టాండేనమ్మా. పిల్ల కాకినాడ ఆర్కెస్ట్రాలోకి ఎల్లింది గదా. కాంతారావు గారని ఒకాయన ఇంటికొచ్చి అడిగి తీసికెళ్లాడు. వదిన ఏడిసింది, ఆడపిల్ల అంత దూరం ఎల్తంటే ఏడవదా మరి. అన్న మాత్రం దగ్గరుండి సాగనంపాడు."

"పాక వెనకాల బూడిద చూశానండీ నేను. అప్పుడే, ఆ వారంలోనే."

పున్నారావు గ్లాసు దించి గుర్తు చేసుకున్నాడు. "నైలాను వలలై ఉంటాయి. చిరిగినియ్యన్నీ పోగేసి తగలబెట్టేస్తాం. కంపు కొట్టలేదూ?"

కొట్టింది. ఆ కంపు ఆమెకు గుర్తుంది. డ్రమ్ము చర్మం కాలిన కంపని మాధవి అంటే ఇద్దరూ చేతులు పట్టుకుని అక్కడే ఏడ్చారు.

"మరి ఇదంతా ఈ డైరెక్టరమ్మతో చెప్పలేదా?"

"నన్నెవరూ అడగలేదమ్మా. కోపంగా ఉండమన్నారు" అన్నాడు పున్నారావు.

దుర్గ ఎక్కడుందని సుందరి అడిగింది. దివిసీమలో, పాలకాయతిప్పలో ఉందని చెప్పాడు. మొగుడిది ఆ ఊరే. శ్రీవిద్య కెమెరా పక్కన ఎవరితోనో మాట్లాడుతోంది. వెళ్లి చెప్పాలని సుందరి రెండడుగులు వేసి ఆగిపోయింది. ముందు తను తెలుసుకోవాలి. ఇన్నేళ్లూ పాపం పాపం అనుకుంటూ గడిపిన మనిషి బతుకు అసలెలా గడిచిందో, అందరికంటే ముందు తనకే తెలియాలనిపించింది.

*

రెండో శనివారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కింది. చల్లపల్లి, మోపిదేవి దాటేసరికి ఎండెక్కింది. అవనిగడ్డలో బస్సు మారి కోడూరులో దిగి, అక్కడి నుంచి షేరాటోలో పాలకాయతిప్ప చేరింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. కాకినాడ వెళ్లి ఏం చేసింది, ఎవరితో వాయించింది, అసలు మాకెందుకు చెప్పలేదు. ఇది కోపమా, కుతూహలమా అని తనను తాను అడిగితే కుతూహలమే ఎక్కువగా తేలింది. అది ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

కరకట్ట దాటాక ఒక రేకుల షెడ్డు ముందు చేపల వ్యాను ఆగి ఉంది. దాని వెనక తలుపు దగ్గర నిలబడి, పెద్ద పారతో ఐసు పెట్టెల్లోకి తోస్తోంది ఒకావిడ. కాస్త లావైంది. జుట్టు ముడేసుకుంది. పార విసురు చూసి సుందరి గుర్తుపట్టింది.

"దుర్గా."

ఆమె తిరిగి చూసింది. పార కింద పెట్టలేదు. కాసేపు చూసి, "సుందరక్కా, చిక్కిపోయావేంటి?" అంది.

వ్యాను డ్రైవరు సీట్లోంచి ఒకాయన దిగి తువ్వాలు దులుపుకున్నాడు. దుర్గ భర్త సత్తిబాబు. కుర్చీ తెచ్చి వేశాడు. కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చాడు. మంచీ చెడ్డా మాట్లాడుకున్నారు. ఇద్దరు పిల్లలు, కోడూరులో చదువుతున్నారు. చేపలు విజయవాడ తోలుతారు. సూరయ్య గిలకలదిండిలోనే గట్టిగా ఉన్నాడు.

ఇక ఆగలేక సుందరి అడిగేసింది. "నిన్ను బలవంతంగా ఎవరికో కట్టబెట్టేశారని అనుకున్నాం, దుర్గా. ఇన్నేళ్లూ అదే అనుకుంటున్నాం."

"కట్టబెట్టడమేంటి. ఈయన ఆర్కెస్ట్రా వ్యాను తోలేవాడు. నేనే అడిగాను."

సత్తిబాబు నవ్వి, వాళ్లను వాళ్ల మానాన వదిలి ఐసు సర్దడానికి వెళ్లిపోయాడు.

"మరి ఎందుకు వెళ్లిపోయావు?"

దుర్గ పార గోడకు ఆనించి, వచ్చి ఎదురుగా పెట్టె మీద కూర్చుంది. "చెప్తే బాధపడతావేమోనక్కా."

"చెప్పు."

"మనం బాగా వాయించలేదక్కా."

సుందరి బొండాం కింద పెట్టేసింది.

"ఐసు పాట గుర్తుందా? నువ్వు నీ వేళ్ల వంక చూసుకునేదానివి. మాధవక్క జనం వంక చూసేది. నేను మీ ఇద్దరి వంకా చూసేదాన్ని. ఎవరు ముందుకెళ్లిపోయినా నేను పరిగెత్తి అందుకోవాలి, ఎవరు వెనకపడినా నేను ఆగాలి. వాయించినంతసేపూ అదే పని. గుడివాడలో మనం దిగిపోయాక నువ్వు, మాధవక్క ఆ జనాన్ని తిట్టుకుంటూ కూకున్నారు. నేను స్టేజీ పక్కన నిలబడి కాకినాడవాళ్లని చూశాను. ఆళ్లు డ్రమ్ము కోసం ఆగుతున్నారక్కా. డ్రమ్ము పలికితే అప్పుడు అందుకుంటన్నారు. నా కోసం ఆగేవాళ్లతో ఒక్కసారైనా వాయించాలనిపించింది. ప్రోగ్రాం అయ్యాక కాంతారావు గారిని నేనే అడిగాను, మనిషి కావాలా అని. ఆళ్ల డ్రమ్మరు మద్రాసు ఎల్లిపోతన్నాడంట. ఒకసారి వాయించి చూపించమన్నాడు. చూపించాను."

"ఎప్పుడు?"

"మీరిద్దరూ గుడివాడ బస్టాండులో టీ తాగడానికెళ్లినప్పుడు."

సుందరి మనసులోనే ఐసు పాట మొదలుపెట్టి చూసుకుంది. మాధవి గొంతు, దుర్గ దరువు, తన వేళ్లు. రెండో చరణం దగ్గర తను ప్రతిసారీ ఒక అర క్షణం ముందే దూకేసేది. ఇన్నేళ్ల తరవాత, సముద్రం ఒడ్డున రేకుల షెడ్డు కింద కూర్చుంటే అది స్పష్టంగా వినిపించింది.

"చెప్పి వెళ్లొచ్చు కదా" అంది చివరికి.

"ఏమని చెప్పను? మీరు బాగా లేరు, నేనెల్తన్నా అని చెప్పనా? మాధవక్క ఏడిసేది. నువ్వు ఎందుకు, ఎందుకు అని అడిగేదానివి. రెండూ తట్టుకోవడం నాకు చేతకాదు. కుదురుకున్నాక చెబుదామనుకున్నాను. ఏడాది పోయాక చెప్పటానికి సిగ్గేసింది."

ఆమె గొంతులో క్షమాపణ లేదు, దబాయింపు లేదు. బండి ఆలస్యమైన సంగతి చెప్పినట్టు చెప్పింది. సుందరికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే దుర్గ కూడా నవ్వింది. మంగినపూడిలో అట్ట డ్రమ్ములు తగలబెట్టిన సంగతి, పున్నారావుకు కోపం రాని సంగతి సుందరి చెప్పేసరికి దుర్గ పెట్టె మీంచి పడబోయింది.

కాసేపటికి తేరుకుని, "సినిమాలో నేను బాగా వాయిస్తానా?" అని అడిగింది.

*

సుందరి చెప్పినదంతా శ్రీవిద్య హోటలు గదిలో మంచం మీద కూర్చుని విన్నది. విన్నాక చేతుల్లో తల పెట్టుకుంది.

"ఆ మంటల సీను విన్నాకే నిర్మాత ఈ సినిమా ఒప్పుకున్నాడండీ. పోస్టరు కూడా అదే" అంది.

"నేను తీసెయ్యమనడం లేదమ్మా. నీకు తెలియాలని చెప్పాను."

"తెలిశాక ఎలా పెట్టను?" అని లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడ నిలబడి ఏమాలోచించిందో గాని, వెనక్కి తిరిగేసరికి మొహం మారిపోయింది. "వాళ్ల నాన్నగారు ఎక్కడుంటారన్నారు? ఆ డ్రమ్ములు మోసింది ఏ బస్సులోకి? పల్లెవెలుగా? పైన కట్టారా, లోపల పెట్టారా?" అని వరసగా అడగడం మొదలుపెట్టింది.

మాధవీలతకు ఫోను చేయడం సుందరి వంతైంది. ఈ పదేళ్లలో మాధవి ఎందరికి చెప్పిందో ఆ కథ. టీవీ వాళ్లకు చెప్పింది, తన దగ్గర గిటారు నేర్చుకునే పిల్లలకు చెప్పింది. అబద్ధమని తెలిసి చెప్పలేదు. ఆ బూడిద చూసిన రోజు నుంచీ నమ్మింది.

"బాగా లేమందా?"

"అంది."

"ఐసు పాట కూడానా?"

"పాట బాగుందంది. మనం వాయించడం బాగా లేదంది."

మాధవి ఫోను పెట్టేసింది. ఇక మాట్లాడదేమోనని సుందరి భయపడింది. కాని పై వారం బస్సు సీను తీసే రోజున హైదరాబాదు నుంచి తెల్లారేసరికి దిగింది. దుర్గ కూడా పాలకాయతిప్ప నుంచి వ్యానులో వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మాధవి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు" అంది దుర్గ, ఆమె భుజం మీద చెయ్యేస్తూ.

సూరయ్య వేషం సూరయ్యే వేశాడు. డెబ్భై దాటిన మనిషి, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. పెద్ద డ్రమ్ము నెత్తికెత్తుకుని బస్సు దాకా నడవాలి, కూతుర్ని ఎక్కించాలి, బస్సు కదిలాక కన్నీళ్లు పెట్టుకోవాలి అని అసిస్టెంటు డైరెక్టరు చెప్పాడు.

"ఏడిసింది మా ఇంటిదండీ, నేను కాదు" అన్నాడు సూరయ్య.

"మరి మీరేం చేశారు?" శ్రీవిద్య ముందుకొచ్చి అడిగింది.

"కండక్టరుతో పోట్లాడాను. డ్రమ్ముకి లగేజీ టిక్కెట్టు కొడతానన్నాడు. అది లగేజీ కాదయ్యా, మా పిల్ల పనిముట్టు అన్నాను. కంసాలి సుత్తికి టిక్కెట్టు కొడతావా అన్నాను."

"అదే చెయ్యండి" అంది శ్రీవిద్య.

కండక్టరు వేషం వేసినతను నాటకాల్లో ఆరితేరినవాడు. ఊరుకోలేదు. మాటకు మాట అనుకుంటూ ఇద్దరూ బస్సు చుట్టూ తిరిగారు. దుర్గ వేషం వేసిన పిల్ల కిటికీలోంచి తొంగిచూసి, "పోనీలే నాన్నా, కట్టేద్దాం" అంది. అది ఎవరూ రాసిచ్చిన మాట కాదు. సూరయ్య ఆ పిల్ల వంక తిరిగి, "నువ్వూరుకో" అన్నాడు, అచ్చం కూతుర్ని అన్నట్టే. కెమెరా వెనక నిలబడిన దుర్గ ఆ మాటకు అటు తిరిగిపోయింది. సత్తిబాబు తన తువ్వాలు ఇచ్చాడు.

*

సినిమా మరుసటి వేసవిలో వచ్చింది. పేరు 'పోటు'. పెద్ద ఊళ్లలో ఆడిందీ ఆడందీ తెలియకుండా వెళ్లిపోయింది. బందరులో మాత్రం మొదటి రోజు హాలు నిండింది. గిలకలదిండి జనమంతా తమను తాము చూసుకోవడానికి వచ్చారు. హాలు ముందు పోస్టరు మీద ఇంకా మంటలే ఉన్నాయి. సినిమాలో ఎక్కడా లేవు. పున్నారావు ఇంటర్వెల్లో శ్రీవిద్యను నిలదీశాడు. "నా సీనేదమ్మా? ఎండలో నిలబెట్టి అన్నిసార్లు కోప్పడమన్నారు. చుట్టాలందర్నీ తీసుకొచ్చాను." ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని సర్దిచెప్పింది. సూరయ్యతో కలిసి ఆయన డ్రమ్ము మోసే బస్సు సీను చివర్లో ఉందని చెబితే కాస్త చల్లబడ్డాడు.

కామేశ్వరరావు మాస్టారు కూతురి పక్కన కూర్చుని చూశాడు. తెర మీద తన వేషం వేసిన వ్యక్తి కూతురి కీబోర్డు చూసి కళ్లెర్రజేస్తుంటే, "నేనెప్పుడు కోప్పడ్డాను?" అన్నాడు.

"సినిమాకి ఒకరైనా కోప్పడాలి నాన్నగారూ" అంది సుందరి.

గుడివాడ ప్రోగ్రాం వచ్చింది. తెర మీద ముగ్గురమ్మాయిలు ఐసు పాట అందుకున్నారు. వాయించిందంతా హైదరాబాదులో ఎవరో వాద్యగాళ్లు. ఎక్కడా చిన్న తొట్రుపాటు లేదు. రెండో చరణం డ్రమ్ము కోసం ఆగి, అది పలికాక కదిలింది. చీకట్లో దుర్గ ముందుకు వంగి వింటోంది. పాట అయ్యాక, "ఇందులో మీరిద్దరూ బాగా వాయించారు" అని గుసగుసగా అంది. మాధవి నవ్వాపుకోలేక నోటికి కొంగడ్డం పెట్టుకుంది.

మ్యాట్నీ వదిలేసరికి ఎండ ఇంకా చురుక్కుమంటోంది. జనం సద్దుమణిగేదాకా ముగ్గురూ హాలు పక్కన సోడా బండి దగ్గర నీడలో నిలబడ్డారు. దారినపోయేవాళ్లు కొందరు ఆగి, ఎవరు ఎవరో పోల్చుకోవడానికి చూస్తున్నారు. ఒకామె దుర్గ దగ్గరికి వచ్చి, "ఆ తరవాత ఏమైందండీ? బస్సెక్కాక?" అని అడిగింది. సినిమా అక్కడితో అయిపోయింది మరి.

"చేపల వ్యాపారమండీ" అని దుర్గ క్లుప్తంగా తేల్చేసింది. ఆమె వెళ్లిపోయింది.

సుందరి ఊరుకోలేదు. "కాకినాడవాళ్లతో ఆరేళ్లు వాయించావన్నావు. మొదటి ప్రోగ్రాం ఎక్కడ?"

"ఇచ్ఛాపురం."

"ఎలా జరిగింది?"

"మొదటి పాటకే కరెంటు పోయింది" అంది దుర్గ. "గిటారు, కీబోర్డు, మైకులు, అన్నీ ఆగిపోయినయ్యి. జనం లేచిపోబోతన్నారు. కాంతారావు గారు నా వంక చూసి, పోనివ్వకమ్మా అన్నాడు. అంత జనం, నేనొక్కదాన్ని. ఏం వాయించాలో తెలీదు."

"ఏం వాయించావు?" అంది మాధవి, సోడా పట్టుకుని తాగకుండా.

దుర్గ సోడా బండి అంచు మీద చెయ్యి పెట్టింది. వేళ్లు మెల్లగా కదిలాయి, ఐసు గడ్డలు పగలగొట్టే ఆ దెబ్బే. ఇద్దరూ దగ్గరికి జరిగారు.